అంకెలు తీసేసిన వాచీ

పదకొండుకి పది నిమిషాలు తక్కువని క్యాబిన్‌లో గోడ గడియారం చెబుతోంది. నా మణికట్టు మీది వాచీ ఆ సంగతి చెప్పదు. అది ఒక గుండ్రటి గీత చూపించి, మధ్యలో "స్థిరం" అని రాసింది. నిన్న సాయంత్రం ఆరింటిదాకా అక్కడ నాలుగు అంకెలుండేవి. పైన టైము, ఎడమ పక్క గుండె నిమిషానికి ఎన్నిసార్లు కొట్టుకుంటోందో, కుడి పక్క ఎన్ని అడుగులు వేశానో, కింద రాత్రి ఎన్ని గంటలు నిద్రపోయానో. నలుపు మీద తెలుపు. కళ్లజోడు లేకుండా కనిపించేవి. ఇప్పుడు తెలుపు మీద బూడిద రంగు, ఒక్క మాట. ఏది స్థిరం, నేనా, క్రేనా? గాలి మీటరు గంటకి నలభై మూడు కిలోమీటర్లు చూపిస్తోంది. నలభై దాటితే గోడ పలకలు ఎత్తకూడదు. అందుకని కొక్కెం పైకి లాగేసి, గాలి ఎటు తోస్తే అటు తిరిగేలా బూమును, అంటే క్రేన్ పొడవాటి చేతిని, వదిలేసి, అరవై రెండు మీటర్ల ఎత్తున కూర్చున్నాను. దిగి మళ్లీ ఎక్కాలంటే అరగంట, ఈలోగా గాలి తగ్గితే మేస్త్రి అరుస్తాడు. ఫోను పైకి తేనివ్వరు, కింద లాకరులో ఉంది. ఉన్నది వాకీటాకీ, నీళ్ల సీసా, ఈ వాచీ.

వాచీ నాది కాదు, కంపెనీది. సైట్‌లో క్రేన్ నడిపే ముగ్గురికీ ఇచ్చారు, పోయిన ఏడాది. పొద్దున గేటు దగ్గర సేఫ్టీ మేడమ్ పలక లాంటి ఫోను పట్టుకుని నిలబడుతుంది, మేం చెయ్యి చాపుతాం, అది రాత్రి నిద్రనీ ఇప్పటి గుండెనీ చదువుకుని రంగు చెబుతుంది. పచ్చ అయితే ఎక్కాలి. నిద్ర ఐదు గంటల కన్నా తగ్గినా, గుండె తొంభై దాటినా పసుపు. పసుపు పడ్డవాడు ఆ రోజు స్టోరులో బోల్టులు ఏరుకోవాలి. ఏడాదిలో మూడు పసుపులు పడితే ఇక నిచ్చెన ముఖం చూడక్కర్లేదు. నాకు రెండు పడ్డాయి. ఇరవై రెండేళ్లు పైన కూర్చున్నవాణ్ణి, స్టోరులో బోల్టులు ఏరుతుంటే ఒకడు వచ్చి "ఏం సారూ, విమానం దిగారా?" అన్నాడు. రెండో పసుపు పడ్డ రోజు సాయంత్రమే ఈలగాడు ఆ మాట అన్నాడు. "నాకివ్వన్నా. నేను పెట్టుకుని పడుకుంటా. పొద్దున్నే నీకిచ్చేస్తా. నేను పడుకుంటే లేపడానికి మా ఆవిడ గిన్నెలు కింద పడెయ్యాలి." ఈలగాడు నా సిగ్నల్ మనిషి. నేను పైనుంచి చూడలేనిదాన్ని కింద నిలబడి నాకు చెప్పేవాడు. వాకీలు రాకముందు ఈల వేసి చెప్పేవాడు, ఒకటి వేస్తే ఆపు, రెండు వేస్తే దించు, అందుకని ఆ పేరు. సిగ్నల్ వాళ్లకి వాచీలు ఇవ్వలేదు. వాళ్లు నిద్రపోయారో లేదో కంపెనీకి అక్కర్లేదు.

అలా నాలుగు నెలలైంది. సాయంత్రం బట్టలు మార్చుకునే గదిలో విప్పి ఇస్తాను, పొద్దున ఆరూ నలభైకి అదే గదిలో తీసుకుంటాను. ఏడు గంటల పన్నెండు నిమిషాలు, ఏడు గంటల ఐదు నిమిషాలు. వాడి నిద్ర నా పేరు మీద పడుతుంది. నేను మాత్రం మూడు గంటలు పడుకుని లేచి కిటికీ దగ్గర కూర్చుంటాను. ఈ పొద్దున వాచీ అందుకుంటే పట్టీ తడిగా ఉంది. చెమటా, నీళ్లా? ముఖం కడుక్కున్నాడేమో అనుకున్నాను. తర్వాత తెర చూశాను. అంకెలు లేవు. "ఏం నొక్కావురా?" అన్నాను. వాడు బల్ల మీద కూర్చుని బూటు తాడు కట్టుకుంటున్నాడు. తలెత్తలేదు. "నేనేం నొక్కలేదన్నా. రాత్రి అదే మారింది. ఏదో తిరిగింది, తిరిగింది, ఇలా వచ్చింది." బూటు తాడు కట్టడానికి అంతసేపా? అప్పటికే కట్టిన ముడి విప్పి మళ్లీ కడుతున్నాడు. నా ముఖం చూడకుండా ఉండటానికి మనిషికి బూటు తాడు కంటే మంచి సాకు లేదు. అప్పుడే అడిగి ఉండాల్సింది. గేటు దగ్గర లైను కదిలింది, వెళ్లిపోయాను. చెయ్యి చాపాను. మేడమ్ ఒక క్షణం ఆగింది. రోజూ ఆగదు. "ఏం బాబాయ్, కొత్త ముఖం ఎలా ఉంది?" అంది. వాచీ ముఖం గురించి అని అర్థమవడానికి రెండు అడుగులు పట్టింది. పచ్చ. ఎక్కాను.

కానీ ఎందుకు ఆగింది? రోజూ చెయ్యి చూసే మనిషి ఇవాళ కళ్లలోకి చూసింది.

పాతదానిలో తెరను పక్కకి తోస్తే నిన్నటి వివరాలు వచ్చేవి. ఇప్పుడు తోశాను, పువ్వు బొమ్మ వచ్చింది. మళ్లీ తోశాను, ఇంకో పువ్వు. పైకి తోశాను. "మీకు ఇప్పుడు మరింత సులువు" అని రాసి ఉంది. ఎవరడిగారు? అడగనిదే అమ్మయినా పెట్టదంటారు, వీళ్లు అడక్కుండానే వడ్డించి, తిన్న విస్తరి లాక్కున్నారు. పక్క గుండీ నొక్కితే పాతదానిలో వెనక్కి వచ్చేది. నొక్కాను, ఏమీ కాలేదు, నొక్కి పట్టుకున్నాను, తెరంతా ఎరుపెక్కి ఐదు, నాలుగు, మూడు అని లెక్క మొదలెట్టి గీ పెట్టింది. కింద "సహాయానికి ఫోన్ చేస్తున్నాం". ఎవరికి? నాకే తెలియకుండా ఎవరి నంబరు పెట్టారు దీనిలో? లెక్క రెండుకి వచ్చేసరికి వేలితో ఎక్కడెక్కడో నొక్కితే ఆగింది. నాకు సహాయం కావాలనుకునేంత దూరం వెళ్లింది గానీ నిన్న ఎన్ని అడుగులు వేశానో చెప్పదు. తెర మామూలుగా వచ్చాక చూస్తే గీత కింద ఒక చుక్క ఉంది. పొద్దున ఉందో లేదో తెలియదు. చుక్క మీద వేలు పెట్టాను. ఒక చీటీ లాంటిది తెరుచుకుంది. "మీ గుండె సక్రమంగా కొట్టుకోవడం లేదని గమనించాం. వైద్యుణ్ణి కలవండి." దాని మూలన బాణం గుర్తు, పైకి చూస్తూ.

ఎప్పుడు గమనించారు? చెప్పలేదు. పాతదానిలో అయితే పక్కనే టైము, అంకె ఉండేవి. ఇది గమనించాం అంటుంది. ఎవరు మీరు, ఎంతమంది? నేను ఎడమ మణికట్టు మీద కుడిచేతి వేళ్లు పెట్టి గోడ గడియారం ముల్లు చూస్తూ లెక్కపెట్టాను. డెబ్బై ఎనిమిది. ఇంకోసారి, ఎనభై నాలుగు. లెక్కపెట్టడం వల్ల పెరిగిందా? తప్పడం లేదు, టకటకా కొట్టుకుంటోంది. కానీ నా వేళ్లకు తెలిసినది ఎంత? ఈ వేళ్లకు కంట్రోలు కడ్డీ తెలుసు, కొక్కెం ఎంత ఊగుతోందో తెలుసు. పొద్దున నిచ్చెన ఎక్కేటప్పుడు రెండు చోట్ల ఆగాను. ఇదివరకు ఒకచోటే ఆగేవాణ్ణి. అది ఎప్పటి నుంచి? ఆ బాణం గుర్తు ఏమిటి? పైకి చూసే బాణం అంటే పంపడం. మా ఆవిడ ఫోన్‌లో ఫోటో పంపేటప్పుడు అదే నొక్కుతుంది. పంపడానికి గుర్తా, పంపేశామని గుర్తా? పంపేస్తే మేడమ్ దగ్గరికి వెళ్లి ఉంటుంది. అందుకే ఆగింది గేటు దగ్గర. ఆగి, పచ్చ ఇచ్చి, పైకి పంపింది. ఎందుకు? పసుపు పడితే వాదిస్తాననా? పైన ఉండగా చూద్దామనా? లేక ఈ చీటీయే ఒక వలా? వాచీ ఎవరు పెట్టుకుంటున్నారో తేల్చడానికి ఇలాంటిది ఒకటి అందరికీ పంపి, ఎవడు కంగారు పడి అడుగుతాడో చూస్తున్నారా? గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకున్నవాడు దొరికిపోయినట్టు? నేను తడుముకోను. నీళ్లు తాగాను. క్యాబిన్ ఒకసారి ఎడమకి తిరిగి ఆగింది. కింద నది ఒడ్డు రోడ్డు నా పాదాల కింది అద్దంలోంచి వెళ్లిపోయి, పార్కింగ్ వచ్చింది.

మా ఆవిడ వైపు నుంచి కూడా చూడాలి. ఆమెకు నాలుగు నెలలుగా ఒకటే అనుమానం. మొదటి వారం ఏమీ అనలేదు. రెండో వారం అన్నం పెడుతూ "వాచీ ఏది?" అంది. "సైట్‌లో చార్జింగ్‌లో పెట్టొచ్చా." "మనింట్లో కరెంటు లేదా?" "కంపెనీ రూలు." గరిటె గిన్నెలో పెట్టింది. "ఒకరోజు వాచీ మర్చిపోయి వచ్చిన మగాణ్ణి నమ్మొచ్చండీ. రోజూ మర్చిపోయి వచ్చేవాణ్ణి నమ్మకూడదు." నవ్వాను. ఆమె నవ్వలేదు. తర్వాత ఒక ఆదివారం నా సంచీ వెతికింది, నాకు తెలుసు, టిఫిన్ డబ్బా మూత తిరగేసి పెట్టింది. నిజం చెబితే సరిపోయేది. కానీ నిజం చెప్పాలంటే నిద్ర పట్టడం లేదని చెప్పాలి. నిద్ర ఎందుకు పట్టడం లేదని అడుగుతుంది. ఆ సంగతి మనుషుల్లో ఒక్కడికే తెలుసు, వాడు వాచీ పెట్టుకుని పడుకునేవాడు.

ఎనిమిది నెలల కింద, భోజనాల తర్వాత. ఇనుప చువ్వల కట్ట, టన్నున్నర. పదో అంతస్తు మీదికి తెచ్చి పక్కకి జరుపుతున్నాను. ఈలగాడు "ఇంకో మీటరు, ఇంకో అర" అంటున్నాడు, నేను తిరిగి చెబుతున్నాను. వాడు ఏది చెబితే అది నేను తిరిగి చెప్పాలి, నేను చెప్పింది వాడు తిరిగి చెప్పాలి, అప్పుడే కడ్డీ కదపాలి, అది పని పద్ధతి. "ఇంకో అర" అన్నాను. తర్వాత నాకు తెలిసింది "ఆపు, ఆపు, ఆపు" అనే అరుపు. మధ్యలో ఏముందో నాకు తెలియదు. రెప్పపాటు అనుకుంటాను. కట్ట రెండు మీటర్లు దాటి వెళ్లింది. వాడు నేల మీద బోర్లా పడుకుని ఉన్నాడు, కట్ట వాడి వీపు మీదుగా పోయి స్తంభానికి తగిలి ఆగింది. మేడమ్ పరిగెత్తుకొచ్చింది. ఏమైందంది. నేను నోరు తెరిచేలోపు వాకీలో వాడే అన్నాడు, "గాలి విసిరింది మేడమ్. ఆయన తప్పేం లేదు." ఆ రోజు గాలి పదకొండు. గాలి మీటరు అచ్చు వేసే లెక్క కాగితం ఎవరూ తీసి చూడలేదు. వాడు చూశాడు, నాకు చూపించాడు, మడిచి జేబులో పెట్టుకున్నాడు. చింపెయ్యలేదు. అప్పటినుంచి నా జుట్టు వాడి చేతిలో ఉంది. లాగలేదు. లాగకపోవడం కూడా లెక్కలోకే వస్తుంది.

పోయిన ఏడాది వాడు క్రేన్ పరీక్ష పాసయ్యాడు. కార్డు తెచ్చి చూపించాడు, ప్లాస్టిక్ కవరులో పెట్టి. "సీటు ఖాళీ అయితే గదా అన్నా. నాకేం తొందర లేదు." తొందర లేనివాడు ఆ మాట ఎందుకంటాడు? ఉన్నవి మూడు సీట్లు. మిగతా ఇద్దరు నా కంటే పదిహేనేళ్లు చిన్నవాళ్లు. ఖాళీ అయ్యేది ఏదో లెక్క వెయ్యడానికి వేళ్లు అక్కర్లేదు. నా వాచీ ప్రతి రాత్రి వాడింట్లో ఉంటుంది. ఏం నొక్కుతాడో, ఎవరికి పంపుతాడో. పది రోజులుగా వాడు ఈల వెయ్యడం మానేశాడు. వాకీ ఉన్నా పొద్దున మొదటి లోడుకి ఒక ఈల వేసేవాడు, అలవాటు. మానేశాడు. కోపమా? కోపం ఉంటే చెప్పాలి. వాకీలో మాటల మధ్య ఆగుతున్నాడు. "అన్నా, ఎడమకి," అని ఆగి, "ఒక్క నిమిషం," అని, మళ్లీ "ఎడమకి రెండు." ఆ నిమిషంలో ఎవరితో మాట్లాడుతున్నాడు? ఇంకో ఫోను చెవి దగ్గర పెట్టుకున్నట్టు ఆగుతాడు. మొన్న నాలుగో అంతస్తుకి కూడా లిఫ్టు కోసం నిలబడ్డాడు. మెట్ల మీద ఎవరికైనా ఎదురుపడటం ఇష్టం లేదా? నిన్న భోజనం సగం వదిలేసి పైపుల మీద కూర్చున్నాడు, మేడమ్ వాడి దగ్గరికి వెళ్లి ఏదో అడిగింది, వాడు తల అడ్డంగా ఊపాడు. ఇక్కణ్ణుంచి ఇద్దరూ రెండు హెల్మెట్లు. ఒకటి తెలుపు, ఒకటి పసుపు. పసుపుది అడ్డంగా ఊగింది. ఏమడిగింది? ఇంటి దొంగను ఈశ్వరుడైనా పట్టలేడంటారు. నేను అరవై రెండు మీటర్ల పైనుంచి పట్టుకుందామని చూస్తున్నాను.

అడుగుదామనిపించింది. వాడినే కాదు, ఆమెను. ఈ వాకీలో రహస్యం లేదు, ఒకటే చానెల్, నేను, ఈలగాడు, మేస్త్రి, మేడమ్, అందరూ వింటారు. అందుకని మామూలుగా అడగాలి. గొంతు సరిచేసుకుని వాకీ నొక్కాను.

"మేడమ్, ఈ వాచీలు మారాయి గదా. మీ దగ్గర కూడా ఏమన్నా మారిందా?"

"రంగులు మారాయి బాబాయ్, అంతే. ఇదివరకు అంకెలొచ్చేవి, ఇప్పుడు చుక్కలొస్తున్నాయి. మీ ముగ్గురిదీ పచ్చ చుక్కే."

"ఇంకేం రావా? గుండె గట్రా?"

"రావు. ఆరోగ్యం వివరాలు పెట్టుకున్న మనిషికే చూపిస్తుందట, మాకివ్వరట ఇక. ఏం, ఏమన్నా వచ్చిందా?"

"లేదు లేదు. అంకెలు కనపడక అడిగా."

"నా వాచీలో అంకెలు బ్రహ్మాండంగా కనపడతాయి," అన్నాడు మేస్త్రి మధ్యలో దూరి. "ముల్లుది. మా మావ పెళ్లికి పెట్టాడు. మావ మారాడు గానీ వాచీ మారలేదు."

ఈలగాడు నవ్వలేదు. మేస్త్రి ఏమన్నా ముందు నవ్వేది వాడే.

వాకీ కింద పెట్టాను. ఆమెకు తెలియదు. ఆమె అబద్ధమాడుతుంటే తప్ప. అబద్ధమాడే మనిషి "ఏమన్నా వచ్చిందా" అని అంత తేలిగ్గా అడగదు, లేదా అలాగే అడుగుతుంది. సరే, తెలియదనుకుందాం. అయితే ఈ చీటీ నాకూ నా మణికట్టుకూ మధ్యనే ఉంది. ఎవరికీ చెప్పకపోతే ఎవరికీ తెలియదు. మరి నా గుండె? మా నాన్న అరవై ఒకటికి పోయాడు, చొక్కా గుండీలు పెట్టుకుంటూ. నాకు యాభై నాలుగు. పలక గాల్లో ఉండగా నాకు అలా అయితే? రెండు టన్నుల పలక, కింద దాని తాడు పట్టుకుని ఈలగాడు. చెయ్యి వదిలేస్తే కడ్డీ దానంతటది మధ్యకి వస్తుంది, పలక ఆగిపోతుంది, అలా కట్టారు. కానీ మనిషి చెయ్యి వదిలే పడతాడని ఎవరు చెప్పగలరు? కడ్డీ మీద బరువేసి పడితే? ఎప్పుడు గమనించారో తెలియాలి. నిచ్చెన ఎక్కేటప్పుడు అయితే వేరు, కూర్చున్నప్పుడు అయితే వేరు. చేతి తొడుగు రెండోది కూడా విప్పాను. చీటీ మీద నొక్కాను, మూసుకుంది. మళ్లీ తెరిచాను. పక్కకి తోశాను, పువ్వు. మళ్లీ తెరిచాను. గుండీ నొక్కబోయి ఆగాను, ఇంకోసారి గీ పెడితే మేస్త్రికి కూడా వినపడుతుంది. విసుగొచ్చి వాచీ చుట్టూ వేలు తిప్పుతుంటే గోరు ఆ గుండీ అంచుకి తగిలి అది తిరిగింది. నొక్కేది కాదు, తిరిగేది. పాత గడియారాలకి కీ ఇచ్చినట్టు. తిప్పిన కొద్దీ చీటీ పైకి జరిగింది. దాని అడుగున అక్షరాలు, ఇంకా చిన్నవి. కళ్లజోడు నుదుటి మీదికి తోసి, వాచీ ముక్కు దగ్గర పెట్టుకున్నాను. రాత్రి పదకొండు నలభై. రెండు పది. నాలుగు ఇరవై.

నాది కాదు.

మొదట వచ్చింది అదే, దాన్ని దాచను. నాది కాదు. రాత్రి నా చేతికి వాచీ లేదు. సాయంత్రం ఆరు నుంచి పొద్దున ఆరూ నలభై దాకా అది నా చేతికి ఉండదు. కూర్చున్న కుర్చీలో వెనక్కి వాలాను. నవ్వు కూడా వచ్చిందేమో. ఒక పది లెక్కపెట్టేంతసేపు హాయిగా ఉన్నాను. ఆ పదిలో ఎన్నో లెక్క దగ్గర తెలిసిందో చెప్పలేను గానీ, పట్టీ తడి ముందు గుర్తొచ్చింది. చెమట. పొద్దున ఆరూ నలభైకి, చలిలో, బల్ల మీద కూర్చుని. బూటు తాడు కట్టలేక రెండుసార్లు కట్టాడు. వాకీలో ఆగింది ఎవరితోనో మాట్లాడటానికి కాదు, ఊపిరి తీసుకోవడానికి. లిఫ్టు. సగం వదిలేసిన అన్నం. మేడమ్ వెళ్లి అడిగింది ఒంట్లో బాగా లేదా అని, వాడు తల ఊపింది ఏం లేదని. ఈల వెయ్యడానికి ఛాతీలో గాలి ఉండాలి. నేను పది రోజులుగా మనిషిని చూస్తూ, వాడు చేసిన ప్రతి పనికీ ఒక కుట్ర అంటగడుతూ కూర్చున్నాను. అంకెలున్న వాచీ అయితే ఈ పొద్దున గదిలోనే టైము కనపడేది. కనపడితే అక్కడే చెప్పేవాణ్ణా? ఏమో. ఇద్దరమే ఉన్నాం అక్కడ. చెప్పడానికి ఏమీ ఖర్చయ్యేది కాదు.

ఇప్పుడవుతుంది. ఉన్నది వాకీ ఒక్కటే. భోజనానికి దిగినప్పుడు పక్కకి పిలిచి చెప్పొచ్చు. ఇంకో గంట. ఈ గంటలో గాలి తగ్గకపోతే ఏ ఇబ్బందీ లేదు. మీటరు చూశాను. ముప్పై తొమ్మిది. ముప్పై ఆరు. ఇంతసేపు తగ్గితే బాగుండనుకున్నది ఇప్పుడు తగ్గుతోంది. కింద పలకలు వరసగా నిలబెట్టి ఉన్నాయి, తొమ్మిది. పద్నాలుగో అంతస్తు అంచున పసుపు హెల్మెట్ లేచింది. ఇంతసేపూ కూర్చునే ఉన్నాడా? నడుముకి తాడు తగిలించుకున్నాడు. పడకుండా ఆ తాడు ఆపుతుంది. పలకకీ స్తంభానికీ మధ్య నిలబడి కళ్లు తిరిగినవాణ్ణి ఏ తాడూ ఆపదు. తొమ్మిది పలకలు. ఒక్కోదానికి పన్నెండు నిమిషాలు. భోజనం లోపు మొదటి నాలుగో ఐదో. ఐదింటిలో ఏమవుతుంది? నాలుగు నెలలుగా ఏమీ కాలేదు. పదకొండు నలభైకి అయింది, రెండు పదికి అయింది, నాలుగు ఇరవైకి అయింది, పొద్దున లేచి పనికొచ్చాడు. గంట ఆగలేడా? చెబితే మొదటి ప్రశ్న నీకెలా తెలుసని. రెండో ప్రశ్న రాత్రి వాచీ వాడి దగ్గర ఎందుకుందని. మూడో ప్రశ్న ఉండదు. మా ఆవిడకి ఏం చెప్పాలి?

"అన్నా," అన్నాడు వాకీలో. ఆగాడు. "గాలి తగ్గింది. మొదటి పలక... మొదటి పలక తీసుకో."

నేను తిరిగి చెప్పాలి. చెప్పలేదు.

"అన్నా, వినపడుతోందా? మొదటి పలక."

"వినపడుతోంది. నువ్వు అంచు నుంచి వెనక్కి రా."

"ఏమైంది? నేను బానే ఉన్నా గదా ఇక్కడ."

"వెనక్కి రారా. వచ్చి గోడకానుకుని కూర్చో. పలక ఎత్తడం లేదు."

"ఏంటయ్యా అది?" అన్నాడు మేస్త్రి. "ఇప్పుడేగా గాలి తగ్గింది. ముహూర్తం చూడాలా నీకు?"

"మేడమ్, మీరు వింటున్నారా?" అన్నాను.

"వింటున్నా బాబాయ్."

"పద్నాలుగో అంతస్తుకి మనిషిని పంపండి. డాక్టరుకి ఫోన్ చెయ్యండి. రాత్రి మావాడి గుండె మూడుసార్లు తప్పింది. వాచీ చెప్పింది."

"ఎవరి వాచీ? వాళ్లకి వాచీలు లేవు గదా."

"అన్నా," అన్నాడు ఈలగాడు. "అన్నా, వద్దు. నీకేమన్నా పిచ్చా. అందరూ వింటున్నారు."

"నా వాచీ మేడమ్. నాలుగు నెలల నుంచి రాత్రిళ్లు వాడు పెట్టుకుంటున్నాడు. మీరు చూసే నిద్ర వాడిది. నాకు నిద్ర పట్టడం లేదు."

పాదాల కింది అద్దంలోంచి చూస్తున్నాను. పసుపు హెల్మెట్ అంచు దగ్గర నిలబడే ఉంది. తర్వాత ఒక అడుగు వెనక్కి వేసింది. ఇంకోటి. గోడ దగ్గరికి వెళ్లేసరికి పదకొండు అడుగులు, మధ్యలో ఒకసారి ఆగింది. కిందికి జారి చిన్నదైంది. కూర్చున్నాడు. ఇంకో వైపు మెట్ల మీదుగా తెల్ల హెల్మెట్ ఎక్కుతోంది, లిఫ్టు కోసం ఆగకుండా.

"బాబాయ్, మీరు మోటారు ఆపి కూర్చోండి," అంది మేడమ్. పరిగెత్తుతున్న గొంతు. "మీతో తర్వాత మాట్లాడతా. వచ్చిన డాక్టరుకి చెప్పాలి, ఏ టైములో ఎన్నిసార్లు, సరిగ్గా చెప్పండి."

తాళం తిప్పాను. మోటారు ఆగింది. వాచీ మళ్లీ ముక్కు దగ్గర పెట్టుకుని గుండీ తిప్పాను.

"పదకొండు నలభై."

"పదకొండు నలభై," అన్నాడు ఈలగాడు. మేడమ్ అనాల్సింది, వాడన్నాడు. అలవాటు.

"రెండు పది."

"రెండు పది."

"నాలుగు ఇరవై."

వాడు వెంటనే తిరిగి చెప్పలేదు. హెల్మెట్ కదలడం లేదు. తెల్లది పన్నెండో అంతస్తు దాటింది. నేను వాకీ చెవికి ఆనించుకున్నాను. ముందు ఊపిరి వినిపించింది.

"నాలుగు ఇరవై," అన్నాడు. "అప్పుడు నేను మేలుకునే ఉన్నానన్నా. ఛాతీ మీద ఎవరో కూర్చున్నట్టుంది. లేచి కూర్చుంటే నిద్ర తగ్గినట్టు రాస్తుంది గదా అది. నీకు పచ్చ పోతుందని కదలకుండా పడుకున్నా."